గుర్తింపు పోయిన కాలేజీకి గురుదేవుడొచ్చిన వేళ

*నూరేళ్ల కిందట మదనపల్లెలో ఒక కాలేజీ సర్కారు పెత్తనాన్ని కాదంది. దానికి మూల్యం చెల్లించింది. ఆ కష్టకాలంలోనే అక్కడ జనగణమనకు ఇంగ్లిష్ రూపం, స్వరలిపి దక్కాయి. సంస్కృతులు కలిసే చోటును ఎవరు పోషించాలి, ఎవరు నడపాలి అన్న ప్రశ్నకు ఈ గాథలో జవాబుంది.*

ఊటీలో నిర్బంధం

1917 జూన్ 16. మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్లండ్ ప్రభుత్వం ముగ్గురి మీద నిర్బంధపు ఉత్తర్వు జారీ చేసింది. ఒకరు అడయారు కేంద్రంగా ఉన్న దివ్యజ్ఞాన సమాజం (థియసాఫికల్ సొసైటీ) అధ్యక్షురాలు అనిబిసెంట్. మిగతా ఇద్దరు ఆమె సహచరులు జార్జ్ అరండేల్, బి.పి. వాడియా. స్వపరిపాలన కోరే హోమ్ రూల్ ఉద్యమాన్ని ఊరూరా రగిలించడమే వాళ్ల నేరం. ఉత్తర్వు అందుకున్న బిసెంట్ ఊటీలోని ఇంటికి చేరి, అక్కడ ఎరుపు, ఆకుపచ్చ రంగుల హోమ్ రూల్ జెండా ఎగరేశారు. అప్పుడామెకు డెబ్బయ్యేళ్లు నిండవస్తున్నాయి.

ఆ కబురు మదనపల్లెకు చేరినప్పుడు కలవరపడ్డ చోట్లలో మొదటిది ఆమె పెట్టిన కాలేజీ. అప్పటికి దాని వయసు రెండేళ్లు. రాయలసీమలో పై చదువుకు దారి తెరిచిన తొలి కాలేజీ అది. నడిపే మనిషి నిర్బంధంలో ఉంది. పట్టాలిచ్చే మద్రాసు విశ్వవిద్యాలయం సర్కారు నీడలో ఉంది. జీతాలకు, బియ్యానికి, దీపాల నూనెకు డబ్బు ఎక్కడెక్కడి నుంచో రావాలి.

కాశీ నేర్పిన పాఠం

డబ్బు సంగతి బిసెంట్‌కు కొత్తది కాదు. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ పెట్టినప్పుడే సర్కారు గ్రాంటు వద్దనుకున్నారు. కాశీ మహారాజు స్థలమిచ్చారు. దివ్యజ్ఞాన సమాజ సభ్యులు దేశదేశాల నుంచి చందాలు పంపారు. ఇంగ్లండు నుంచి వచ్చిన కొందరు అధ్యాపకులు జీతం తీసుకోకుండా పాఠాలు చెప్పారు. గ్రాంటు తీసుకుంటే పాఠ్యాంశాల మీద ఇన్‌స్పెక్టర్ల అజమాయిషీ వస్తుందని ఆమెకు తెలుసు.

అయినా ఆ కాలేజీలో చిచ్చు వచ్చింది. అది సర్కారు వైపు నుంచి కాక, సొంత ఇంట్లోంచే వచ్చింది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అనే కుర్రవాణ్ణి రాబోయే జగద్గురువుగా దివ్యజ్ఞాన సమాజ పెద్దలు ప్రకటించారు. ఆయన చుట్టూ భక్తబృందం ఏర్పడింది. అందరిదీ అనుకున్న కాలేజీలో ఒక గుంపు నమ్మకం మిగతావారి మీద పడుతోందని ట్రస్టీలు అభ్యంతరం చెప్పారు. 1913లో అరండేల్, ఆయనతోపాటు కొందరు అధ్యాపకులు తప్పుకున్నారు. ఆ కాలేజీయే తర్వాత మదనమోహన మాలవీయ నెలకొల్పిన హిందూ విశ్వవిద్యాలయానికి బీజమైంది.

ఇదంతా కాశీలో కళ్ల ముందే జరిగింది కాబట్టి, అదే 1913లో ఏర్పడిన థియసాఫికల్ ఎడ్యుకేషనల్ ట్రస్టు ఆశయం స్పష్టంగా రాసుకున్నారు. దాని బడులు, కాలేజీలు అన్ని మతాల పిల్లలకూ తెరిచి ఉండాలి. మతబోధ చదువులో భాగంగా ఉండాలి. ఆ నేపథ్యంలోనే 1915లో మదనపల్లె కాలేజీ మొదలైంది. జాతి, మతం, కులం, ఆడ, మగ, రంగు అన్న భేదాల్లేని మానవ సోదరత్వం దివ్యజ్ఞాన సమాజం మొదటి ఆశయం. దాన్ని కొండల నడుమ ఒక చిన్న పట్నంలో పాఠాలుగా మార్చాలన్నది ప్రయత్నం.

బెల్‌ఫాస్ట్ నుంచి బాహుదా తీరానికి

ఈ కాలేజీకి వచ్చిన అధ్యాపకుల్లో ఒకాయన జేమ్స్ కజిన్స్. 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. డబ్లిన్‌లో ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో కవిగా పేరు తెచ్చుకున్నాడు. 1915లో భార్య మార్గరెట్‌తో ఓడెక్కి బిసెంట్ పత్రిక ‘న్యూ ఇండియా’లో పనిచేయడానికి మద్రాసు వచ్చాడు. మరుసటేడు డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ కజిన్స్ రాసిన వ్యాసం పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక మీద అప్పటికే ప్రెస్ చట్టం కత్తి వేలాడుతోంది. 2,000 రూపాయల ధరావతు కట్టించుకున్న సర్కారు దాన్ని జప్తు చేసి 10,000 అడిగింది. కజిన్స్‌ను పత్రికలో ఉంచడం కష్టమైంది. బిసెంట్ ఆయన్ను మదనపల్లెకు పంపించారు. అధ్యాపకుడిగా వచ్చినవాడు ప్రిన్సిపాల్ అయ్యాడు.

మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. ఐర్లండులో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకెళ్లిన మనిషి. 1917లో మద్రాసులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను నిలబెట్టినవారిలో ఆమె ముందు వరసలో ఉన్నారు. ఐరిష్ దంపతులు, తెలుగు పిల్లలు, సంస్కృత పండితులు, మద్రాసు నుంచి వచ్చే తమిళ మిత్రులు ఒకే ఆవరణలో తిరిగేవారు. ఇవాళ మనం బహుళ సంస్కృతి అని పెద్ద మాటతో పిలిచేది అక్కడ రోజువారీ బతుకు.

ఈ పట్టా చెల్లుతుందా?

హోమ్ రూల్ గాలి కాలేజీని తాకింది. విద్యార్థులు ఉద్యమం వైపు నిలిచారు. మద్రాసు విశ్వవిద్యాలయంతో బంధం తెగింది. పరీక్షలు, పట్టాలు, గుర్తింపు అన్నీ ప్రశ్నార్థకమయ్యాయి.

ఆనాడు తల్లిదండ్రులు ఏమన్నారో ఎవరూ రాసి పెట్టలేదు. కానీ పుంగనూరు వైపు నుంచి బండి కట్టుకుని ఫీజు డబ్బుతో వచ్చిన ఒక రైతు, హాస్టల్ అరుగు మీద కొడుకుతో ఏం మాట్లాడి ఉంటాడో ఊహించడం కష్టం కాదు.

“ఏమిరా అబ్బోడా, ఈ కాలేజీ చదువు చెల్లదన్నారంటనే మద్రాసోళ్లు?”

“అవును నాయనా. ఇంక అడయారోళ్లే పరీక్ష పెడతారంట. పట్టా కూడా వాళ్లే ఇస్తారంట.”

“ఆ పట్టా తీసకపోతే తాలూకాఫీసులో కొలువిస్తారా?”

“ఇయ్యరు నాయనా.”

“మరి ఇంక ఎందుకురా ఈడ?”

“ఈడ అయ్యవార్లు మనల్ని తక్కువ జేసి మాట్లాడరు నాయనా. మన దేశం కత కూడా చెప్తా ఉండారు.”

తండ్రి కాసేపు మాట్లాడడు. పంచె మడతలోంచి రూపాయలు తీసి లెక్కపెట్టి కొడుకు చేతిలో పెడతాడు. “ఈ ఏటికి తెచ్చినా. వచ్చే ఏటి సంగతి వాన చెప్తాది.”

స్వతంత్రంగా నిలబడాలనుకునే ప్రతి సంస్థ బరువూ చివరికి ఇలాంటి తండ్రి భుజం మీద పడుతుంది. సూత్రం కోసం గ్రాంటు వదులుకోవడం పెద్దవాళ్ల నిర్ణయం. దాని ఖరీదు కట్టేది కొడుకు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న ఇల్లు. అందుకే నిర్వాహకుల బాధ్యత రెట్టింపు. పోయిన గుర్తింపుకు బదులుగా మరో గౌరవాన్ని వాళ్లు ఆ పిల్లలకు సంపాదించి పెట్టాలి.

బిసెంట్ బృందం ఆ పనికి పూనుకుంది. 1917లోనే జాతీయ విద్య కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. దాని కింద అడయారులో నేషనల్ యూనివర్సిటీ వెలిసింది. సర్కారు ముద్ర లేని విశ్వవిద్యాలయానికి జనం నమ్మే పేరు కావాలి. ఆ పేరు దొరికింది. ఛాన్సలర్‌గా ఉండటానికి రవీంద్రనాథ్ టాగూర్ ఒప్పుకున్నారు. మదనపల్లె కాలేజీ ఆ గొడుగు కిందికి చేరింది.

బుధవారం రాత్రి పాట

1919 మొదట్లో టాగూర్ దక్షిణాది యాత్రకు వచ్చారు. బెంగళూరు, మైసూరు, తంజావూరు, మదురై అంటూ ఊరూరా ఉపన్యాసాలు. ఆయనదీ చందాల యాత్రే. అంతకు కొన్ని వారాల ముందే, 1918 డిసెంబరులో, శాంతినికేతన్‌లో ఆయన తలపెట్టిన విద్యాసంస్థ విశ్వభారతికి పునాదిరాయి పడింది. దాన్ని నిలబెట్టడానికి డబ్బు కావాలి. ఆ యాత్రలో ఆయన చెప్పిన ఒక ఉపన్యాసం ‘ది సెంటర్ ఆఫ్ ఇండియన్ కల్చర్’. అడయారు సంఘమే దాన్ని పుస్తకంగా వేసింది. భారతదేశపు అన్ని మతధారలూ కలిసే విద్యాకేంద్రం ఒకటి కావాలన్నది అందులో సారం. ఆ కేంద్రం చుట్టుపక్కల పల్లెలతో కలిసి పొలం దున్ని, పశువులు పెంచి తన తిండి తాను సంపాదించుకోవాలని కూడా చెప్పారు. సంస్కృతి గురించి మాట్లాడుతూ కూడా ఆయన తిండిగింజల లెక్క మరిచిపోలేదు.

తిరిగి తిరిగి అలసిన కవి ఫిబ్రవరి చివర్లో విశ్రాంతికి మదనపల్లె చేరారు. కాలేజీ ఆవరణలోని ఆల్కాట్ బంగళాలో బస. ఉదయం చల్లగాలి, చుట్టూ కొండలు. ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆయన ఈ చోటును దక్షిణాది శాంతినికేతన్ అన్నారని.

బుధవారం రాత్రుల్లో కాలేజీలో అధ్యాపకులు, విద్యార్థులు చేరి పాటలు పాడుకునే అలవాటుంది. ఆ వారం టాగూర్‌ను కూడా పాడమన్నారు. ఆయన జనగణమన ఎత్తుకున్నారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభల్లో తొలిసారి పాడిన పాట అది. అక్కడున్న తెలుగు పిల్లల్లో దాన్ని ముందు విన్నవాళ్లు ఎవరూ ఉండకపోవచ్చు. మొదటి చరణం భూగోళ పాఠంలా తోచిందని కజిన్స్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ప్రాంతాలు, కొండలు, నదులు వరసగా వచ్చాయి. రెండో చరణంలో దేశంలోని మతాల పేర్లు వచ్చాయి. హిందువు, బౌద్ధుడు, సిక్కు, జైనుడు, పార్సీ, ముస్లిం, క్రైస్తవుడు ఒకే పిలుపు విని ఒకే చోటికి రావడం ఆ చరణం. జయఘోష వచ్చేసరికి అందరూ గొంతు కలిపారు. మళ్లీ పాడమన్నారు. మళ్లీ పాడారు.

తర్వాతి రోజుల్లో మార్గరెట్ ఆ బాణీని విని, పాశ్చాత్య సంగీత లిపిలో రాశారు. ఫిబ్రవరి 28న టాగూర్ తన చేత్తో పాటను ఇంగ్లిష్‌లోకి మార్చి ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి సంతకం చేశారు. బెంగాలీ కవి రాసిన పాట, ఐరిష్ మహిళ రాసిన స్వరలిపి, రాయలసీమ విద్యార్థుల గొంతు. ఆ పాట కాలేజీ ప్రార్థనా గీతమైంది.

సర్కారు చెల్లదన్న కాలేజీలో చదివిన పిల్లలు, 1950 జనవరి 24న దేశం జాతీయగీతంగా స్వీకరించబోయే పాటను మూడు దశాబ్దాల ముందే రోజూ పాడారు. 1937లో జాతీయగీతం మీద వాదోపవాదాలు చెలరేగినప్పుడు, మళ్లీ మదనపల్లె ప్రిన్సిపాల్‌గా ఉన్న కజిన్స్ నవంబరు 3న పత్రికకు ఉత్తరం రాసి ఈ పాట తరఫున నిలబడ్డాడు. ఆయన 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఈ ఊరు ఆయనకు ఉద్యోగం ఇచ్చిన చోటుగా మొదలై సొంత ఊరైంది.

కవి జోలె

టాగూర్ కష్టం మదనపల్లెతో తీరలేదు. 1913లో వచ్చిన నోబెల్ సొమ్మును ఆయన బెంగాల్‌లోని పతిసర్‌లో రైతులకు అప్పులిచ్చే వ్యవసాయ బ్యాంకులో పెట్టారు. దాని వడ్డీతో శాంతినికేతన్ బడి నడవాలన్నది ఆలోచన. 1921 డిసెంబరులో విశ్వభారతిని ప్రజలకు అంకితం చేశారు. మరుసటేడు అది రిజిస్టరైన సంఘమైంది. నిబంధనావళి రాశారు. భూమి, భవనాలు, గ్రంథాలయం, తన బెంగాలీ పుస్తకాల హక్కులు ఆ సంస్థకు రాసిచ్చారు. ఇది గుర్తుంచుకోవాల్సిన ఘట్టం. ప్రపంచమంతా గురుదేవుడని పిలిచే మనిషి, తన సంస్థను తన ఇంటి ఆస్తిగా ఉంచుకోలేదు.

అయినా లోటు పూడలేదు. 1936లో 74 ఏళ్ల వయసులో ‘చిత్రాంగద’ నృత్యనాటక బృందాన్ని వెంటేసుకుని ఊరూరా ప్రదర్శనలిస్తూ ఢిల్లీ చేరారు. గాంధీజీ అది చూసి తట్టుకోలేకపోయారు. 60,000 రూపాయలు సమకూర్చి, ఇక ఈ తిరుగుడు మానమని వేడుకున్నారు. ఇచ్చినవారి పేరు బయటికి రానివ్వలేదు. మాట అడగని దాత, పేరు అడగని దాత దొరకడం సంస్థకు నిజమైన అదృష్టం. అదృష్టాన్నే నమ్ముకుని మాత్రం సంస్థలు నడవవు. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైంది. డబ్బు బెంగ చాలావరకు తీరింది. ఢిల్లీ మాటకు చోటివ్వాల్సి వచ్చింది.

మదనపల్లె కాలేజీ దారీ అలాంటిదే. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపిచ్చినప్పుడు బిసెంట్ దాన్ని వ్యతిరేకించారు. జనం ఆమెకు దూరమయ్యారు. నేషనల్ యూనివర్సిటీ వాడిపోయింది. కాలేజీ తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి, ఆంధ్ర రాష్ట్రం వచ్చాక తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందికి చేరింది. పొగరు వదిలి రాజీ పడిందని దీన్ని చూడకూడదు. ఒక వ్యక్తి ప్రభ తగ్గగానే కూలిపోకుండా సంస్థ తన విద్యార్థుల కోసం దారి వెతుక్కుంది. బిసెంట్ థియసాఫికల్ (బీటీ) కాలేజీగా నేటికీ నిలిచి ఉంది.

తిరిగిచ్చేసిన ఆస్తులు

ఈ గాథలో మూడో మనిషి కృష్ణమూర్తి. ఆయన కోసం 1911లో పుట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్‌కు దేశదేశాల్లో సభ్యులు, భూములు, నిధులు ఉండేవి. 1929 ఆగస్టు 3న హాలండులోని ఒమెన్‌లో వేలమంది ముందు దాన్ని రద్దు చేస్తున్నానని ప్రకటించారు. విరాళంగా వచ్చిన ఎస్టేటును ఇచ్చిన ప్రభువుకే తిప్పి పంపారు. భక్తితో వచ్చిన డబ్బు తనను గురువుగా బంధిస్తుందని ఆయన గ్రహించారు.

కానీ అదే మనిషి బడులను రద్దు చేయలేదు. మదనపల్లెకు దగ్గర్లో, రిషికొండ నీడలో రిషివ్యాలీ బడి పెరిగింది. దాన్ని ఒక ట్రస్టు నడిపింది. అది తర్వాత కృష్ణమూర్తి ఫౌండేషన్‌గా రూపు మారింది. 1986లో ఆయన పోయాక కూడా బడి సాగుతోంది. చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం తెలుగులో తయారుచేసిన పాఠాల పద్ధతి ఇతర రాష్ట్రాలకూ పాకింది. వ్యక్తిపూజకు వచ్చిన డబ్బు వెనక్కి పోయింది. పిల్లల చదువుకు వచ్చిన డబ్బు రాతపూర్వకమైన నిబంధనల కింద నిలిచింది.

ఊరికి మరో పక్క ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిది ఇంకో పాఠం. 1915లో మొదలైన ఆ ఆసుపత్రిని ఏ ఒక్క మిషనూ సొంతం చేసుకోలేదు. వేర్వేరు దేశాల, వేర్వేరు చర్చిల మిషన్లు కలిసి భారం పంచుకున్నాయి. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమాట్ మోలర్ దాన్ని తీర్చిదిద్దాడు. తమలో తాము సిద్ధాంతాల గురించి వాదించుకునే చర్చిలు ఒకే పద్దు పుస్తకం ముందు కూర్చోగలిగాయి.

కుప్పం కూడలి

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా దక్షిణంగా దిగితే మూడు రాష్ట్రాల కూడలిలో కుప్పం. సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై తమిళంలో నడిచి కన్నడంలో తెగే ఊరు. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టంతో, తమిళనాడు, కర్ణాటక, కేరళల సహకారంతో ఇక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసింది. సోదర భాషల్ని ఒకే చెట్టు కింద కూర్చోబెట్టాలన్నది ఆశయం. చాలా మంచి ఆశయం. అయితే ఆశయం నాలుగు రాష్ట్రాలది, ప్రధాన పోషణ ఒక రాష్ట్ర ఖజానాది. పోషణ ఒక్కచోటి నుంచే వస్తే, ఆ ఖజానాకు జలుబు చేసినప్పుడల్లా నాలుగు భాషలూ తుమ్మాల్సి వస్తుంది. నలుగురి ఆశయానికి నలుగురి చెయ్యీ కావాలి.

మళ్లీ మదనపల్లెకు వస్తే, అక్కడే ఉండే ఆధ్యాత్మిక గురువు శ్రీఎం స్థాపించిన సత్సంగ్ ఫౌండేషన్ 2015 జనవరి 12న కన్యాకుమారి నుంచి కాశ్మీర్ దాకా మతసామరస్యం కోసం పాదయాత్ర మొదలుపెట్టింది. ముస్లిం కుటుంబంలో పుట్టి, నాథ సంప్రదాయంలో దీక్ష తీసుకున్న మనిషి ఈ ఊరి నుంచి అలాంటి పని తలపెట్టడం యాదృచ్ఛికం అనుకోను. ఈ నేలకు అది అలవాటైన పని.

ఇప్పుడు పెట్టేవారికి

ఈ పట్నాల్లో నేడూ ఎందరో యువకులు ఉర్దూ, తెలుగు, తమిళ, కన్నడ కవుల్ని ఒక వేదిక మీదికి తేవాలని, పండగలు కలిసి చేసుకోవాలని చిన్న సంఘాలు పెడుతున్నారు. వాళ్లకు నూరేళ్ల ఈ అనుభవం ఉపయోగపడాలి.

ఏడుగురు చేరితే 2001 నాటి రాష్ట్ర చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేయవచ్చు. ఆ ఏడుగురూ ఒకే కులం, ఒకే వీధి, ఒకే ఇంటివాళ్లయితే, అందరినీ కలుపుతామన్న మాట కాగితం మీదే తేలిపోతుంది. కార్యవర్గంలో ఎవరెవరి కుర్చీలున్నాయన్నదే సంస్థ మొదటి ఆశయ ప్రకటన.

బిసెంట్ కాలంలోలా విదేశీ మిత్రుల చెక్కు నేరుగా రాదు. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో పడాలి. దాన్ని మరో సంస్థకు పంచకూడదు. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే ఏటి ఆదాయంలో 85 శాతం ఆశయానికే ఖర్చు పెట్టాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు దొరకవచ్చు. కానీ ఆ నిధి వెనక కంపెనీ ప్రచార విభాగం కూడా వస్తుంది. ఏ విరాళం తీసుకున్నా ముందు ఒకటే ప్రశ్న వేసుకోవాలి. రేపు ఈ దాత తప్పుకుంటే మన తలుపు తెరిచే ఉంటుందా?

నా మటుకు, ఒక పెద్ద చెక్కు కంటే వంద రూపాయలిచ్చే వెయ్యిమంది మీద నాకు నమ్మకం ఎక్కువ. పెద్ద చెక్కు ఇచ్చినవాడికి కోపం వస్తే సంస్థ ఆగిపోతుంది. వెయ్యిమందికి ఒకేసారి కోపం వచ్చిందంటే తప్పు మనదేనని తెలుస్తుంది. మదనపల్లె కాలేజీని కాపాడింది ఇలాంటి పలుచోట్ల పరుచుకున్న నమ్మకమే. అడయారు చందాలు, బిసెంట్ పట్టుదల, టాగూర్ పేరు, కజిన్స్ దంపతుల శ్రమ, ఊరి తండ్రుల రూపాయలు. ఏ ఒక్కటీ పూర్తిగా సరిపోలేదు. ఏ ఒక్కదానికీ పూర్తి పెత్తనమూ దక్కలేదు.

కాబట్టి చందా పుస్తకం అచ్చు వేయించే ముందు నిబంధనావళి రాయండి. వ్యవస్థాపకులు ఎప్పుడు తప్పుకోవాలో మొదటి పేజీలోనే రాయండి. లెక్కలు ఏటా ఊరి నడిబొడ్డున, ఊరివాళ్లకు అర్థమయ్యే భాషల్లో చదవండి. ఏ దాతకూ, ఏ సర్కారుకూ, ఏ గురువుకూ మొత్తం సంస్థను ఆపగలిగే శక్తి ఇవ్వకండి. అందరూ కలిసే చోటు నిలవాలంటే దాని భారం కూడా అందరి మీదా సమంగా ఉండాలి.